అవంతిక లేకపోయినా ఆగని కథ

సంపాదకులకు నమస్కారం.

జానపద, వీరగాథా చిత్రాల్లో స్త్రీ పాత్రల మీద గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ‘బాహుబలి’తో తెలుగు తెర మీద ఆడది కత్తి పట్టిందనీ, ఇక ఆమెకు తిరుగులేదనీ వ్యాసకర్త తేల్చేశారు. కత్తి పట్టిన మాట నిజమే. తిరుగులేదన్న దగ్గరే నాకు పేచీ.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆడపిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పిన దాన్ని. ఎవరెన్ని పాయింట్లు తెచ్చారన్నది చివర్లో స్కోరు పుస్తకంలో చూసుకోవచ్చు. కోర్టులో నా కళ్లు ఆటను ఎవరు నడుపుతున్నారన్న దాని మీదే ఉండేవి. సినిమా చూసేటప్పుడూ ఆ అలవాటు పోలేదు.

2015లో, 2017లో వచ్చిన ‘బాహుబలి’ రెండు భాగాలనూ కలిపి, 2025 అక్టోబరు 31న ఒకే చిత్రంగా మళ్లీ విడుదల చేశారు. అయిదు గంటలు దాటిన కథను మూడుముప్పావు గంటల దరిదాపులకు కుదించాలంటే ఏదో ఒకటి పోక తప్పదు. ఏవేవి తీసేశారో దర్శకుడు రాజమౌళి స్వయంగా చెప్పారు. ఆ జాబితాలో మొదట వినిపించింది బాహుబలి కొడుకు శివుడు, అవంతికల ప్రేమకథ. కొన్ని పాటలూ పోయాయి, కొంత యుద్ధమూ పోయింది. వాటి సంగతి అలా ఉంచండి. మొదటి భాగంలో కథానాయిక అని మనం చెప్పుకున్న పిల్ల కథ చాలావరకు తీసేసినా, అసలు కథ ఎక్కడా కుంటుపడలేదు. చూసినవాళ్లు ‘ఇప్పుడింకా బిగువుగా ఉంది’ అన్నారు. నాకూ అలాగే అనిపించింది, అదే నా బాధ. కూర్పరిని తప్పుపట్టను. కత్తెరకు అంత సులువుగా లొంగేలా ఆ పాత్రను రాసినప్పుడే ఆమె బలమెంతో తేలిపోయింది.

అవంతికను మొదట చూపించినప్పుడు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. తనను తరుముకొచ్చిన సైనికులను అడవిలో మట్టుబెడుతుంది. కుంతల రాజ్యం కూలిపోయాక అడవి పట్టిన తిరుగుబాటుదారుల్లో పెరిగిన పిల్ల. మాహిష్మతిలో బందీగా ఉన్న శివుడి తల్లి దేవసేనను చెర విడిపించే పని ఆమెకు దక్కుతుంది, దానికోసమే బతుకుతున్నట్టు ఉంటుంది. నిద్రపోతుండగా ఆమె చేతి మీద శివుడు బొమ్మ వేస్తాడు. తెలిసి మీదికి వస్తే, పోట్లాటను ఆటగా మార్చేసి జుట్టు విప్పుతాడు, పై బట్టలు సడలిస్తాడు, పెదాలకు రంగు, కళ్లకు కాటుక పెడతాడు. ముస్తాబు పూర్తయ్యేసరికి ఆమె కోపం కరిగిపోతుంది. ఆ వెంటనే, ‘నీ పని నా పని’ అన్నట్టు మాహిష్మతికి బయలుదేరేది శివుడు. ఆమె వెనక ఉండిపోతుంది.

అప్పట్లో ఆ బట్టల సన్నివేశం మీద పెద్ద వాదమే నడిచింది. ప్రేమంటే అంతేనని కొందరు, బలవంతమని కొందరు. ఆ వాదం మా బడి మైదానం దాకా వచ్చింది. ఏడో తరగతి కుర్రాడొకడు తోటి పిల్ల జడ రిబ్బను లాగి పరుగెత్తాడు. పట్టుకుని అడిగితే, తల వంచుకునైనా చెప్పకుండా, ‘శివుడూ అలాగే చేశాడు కదా టీచర్’ అన్నాడు. రిబ్బను తిరిగి ఇప్పించాను, మైదానం చుట్టూ నాలుగు చుట్లు తిప్పాను. ఆ పిల్ల మాత్రం రిబ్బను కట్టుకుంటూ నన్నొక ప్రశ్న వేసింది. ‘టీచర్, అంతమందిని చంపినామె అతన్ని ఎందుకు కొట్టలేకపోయింది?’ నా దగ్గర జవాబు లేదు. రాసినవాళ్ల దగ్గర ఉండాలి.

ఇక దేవసేన. ఈమెను కత్తిరించడం ఎవరి తరమూ కాదు, అది ఒప్పుకుంటాను. పాతికేళ్లు గొలుసులతో ఉండి, పుల్లా పుడకా ఏరి శత్రువుకు చితి పేర్చుకునే మనిషిని మన తెర అంతకుముందు చూడలేదు. గుడి దగ్గర వరుసలో నిలబడ్డ ఆడవాళ్లను తడుముతున్న సేనాపతి సేతుపతి వేళ్లను ఆమె తెగనరికినప్పుడు, నేను చూసిన హాలులో ఆడవాళ్ల వైపు నుంచే ఎక్కువ చప్పట్లు వినిపించాయి. నిండు గర్భిణి, సంకెళ్లతో సభలో నిలబడి కూడా ఒక్క మెట్టు దిగదు. అంతలో బాహుబలి వస్తాడు. జరిగింది వింటాడు. నరకాల్సింది వేళ్లు కాదు, తల అంటాడు. నరికేస్తాడు. హాలు దద్దరిల్లింది. ఆ దుర్మార్గుడికి శిక్ష పెరిగిందని నాకేమీ విచారం లేదు. కానీ ఆమె అప్పటికే తీర్పు చెప్పి, అమలు కూడా చేసేసింది. ఆ తీర్పును భర్త వచ్చి సవరించాడు. మర్నాడు అందరి నోటా నానింది సవరణే.

అన్నిటికంటే గట్టి సన్నివేశం దేవసేనను మాహిష్మతి సభకు తెచ్చిన రోజుది. దాన్ని నేను ఇప్పటికీ మళ్లీ మళ్లీ పెట్టుకుని చూస్తాను. రాజమాత శివగామి తన పెద్దరికంతో కొడుకు భల్లాలుడికి దేవసేననిచ్చి పెళ్లి చేస్తానని మాట ఇచ్చేసింది. పిల్లను అడగలేదు. కుంతలకు నగలు పంపింది, వాటితో పాటు రాజ్యపు దర్పమూ పంపింది. దేవసేన ఒప్పుకోకపోతే బందీగా తెమ్మంది. ఇప్పుడు నిండు సభలో ఆ పిల్ల నిలబడి, ఆడపిల్ల ఇష్టం కనుక్కోకుండా ఏ ధర్మం ప్రకారం మాట ఇచ్చారని నిలదీస్తుంది. తనను ఎదిరించిన మనిషిని శివగామి అంతకుముందు చూసి ఉండదు. రమ్యకృష్ణ కనుబొమ ఒక్కటి కదులుతుంది, అనుష్క చూపు తిప్పుకోదు. ఇద్దరూ ఆడవాళ్లే. ఒకరి చేతిలో సింహాసనపు అధికారం, ఇంకొకరి దగ్గర తన పెళ్లి తన ఇష్టమన్న పట్టుదల తప్ప ఏమీ లేదు. మన వీరగాథల్లో ఇద్దరు స్త్రీలు ఒక మగవాడి కోసం కాకుండా ఒక న్యాయం కోసం ఇంత సూటిగా తలపడిన ఘట్టాలు అరుదు. ఆ తగవును వాళ్లిద్దరినే తేల్చుకోనిస్తే ఎంత బాగుండేది! తప్పు తల్లిదేనని తేల్చి చెప్పేది పెంపుడు కొడుకు బాహుబలి. సింహాసనమా, దేవసేనా అన్న పరీక్ష కూడా చివరికి అతనిదే అవుతుంది. అతని త్యాగం ముందు ఆమె ప్రశ్న పలచబడిపోతుంది.

శివగామి సంగతి ఇంకా చిత్రం. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని దేశమంతా రెండేళ్లు అడిగింది. జవాబు, ఆమె ఆజ్ఞ. మొత్తం గాథ ఒక స్త్రీ నోటి మాట మీద తిరిగిందంటే చిన్న విషయం కాదు. తప్పు చేయగల అధికారం ఆమెకు ఇచ్చారు, అందుకే ఆ పాత్ర నిలిచింది. అయితే ఆ ఆజ్ఞ కూడా ఆమె బుద్ధిలో పుట్టింది కాదు, మొగుడూ కొడుకూ కలిసి ఎక్కించిన విషం. కైకకు మంథర, శివగామికి మొగుడు బిజ్జలుడు. మన కథల్లో ఆడవాళ్ల చేతికి అధికారం వస్తే, చెవి దగ్గర ఎవరో ఒకరిని నిలబెట్టందే రచయితలకు తోచదు కాబోలు.

ఇంకొకటి. అంత శాసించే శివగామి ఆ సింహాసనానికి కాపలాదారే. పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా దాన్ని కాపాడడమే ఆమె పని. ఇది ఊహాలోకం. ఆకాశం నుంచి దూకే జలపాతాన్ని ఊహించారు. మాహిష్మతి మీదికి దండెత్తే కాలకేయుల కోసం రచయిత మదన్ కార్కి చేత కిలికి అనే భాషనే పుట్టించారు. ఆడది తన పేరున పట్టం కట్టుకోవడం మాత్రం ఊహకు అందలేదా? ఊహ ఎందుకు, మన నేల మీద జరిగిందే కదా. గణపతిదేవుడి కూతురు రుద్రమ ఓరుగల్లును తానే ఏలింది. ఆమె మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నాటిది. ఏలడానికి రుద్రదేవ మహారాజు అని మగ పేరు పెట్టుకోవలసి వచ్చిందన్నదీ చరిత్రే. ఆ ఒక్క పేరులో ఉన్న అధికారపు లెక్క, వంద అడుగుల విగ్రహాలు నిలబెట్టిన మాహిష్మతిలో కనిపించదు.

మాది పల్నాడు. కారెంపూడి వీరుల గుడి, తిరునాళ్లు, రాత్రంతా సాగే వీరగాథలు మా చిన్నతనం. నాయకురాలు నాగమ్మ పేరు వస్తే పెద్దవాళ్లు మెటికలు విరిచేవారు. ఎత్తుకు పైఎత్తు బ్రహ్మనాయుడు వేస్తే రాజనీతి, నాగమ్మ వేస్తే కుతంత్రం. అయినా నలగామరాజు మంత్రిగా ఆమె లేకపోతే కోడిపందెం లేదు, బ్రహ్మనాయుడి పక్షంలోని మలిదేవాదులు రాజ్యం విడిచిపోవడం లేదు, యుద్ధమే లేదు. తిట్టుకుంటూనైనా ఆమెను కథ నడుమ నిలబెట్టారు. జైమిని భారతంలో ప్రమీలకు ఆ భాగ్యమూ దక్కలేదు. ఆడవాళ్లే ఏలే రాజ్యం, అర్జునుడి గుర్రాన్ని కట్టేసిన ధైర్యం, యుద్ధంలో అతనికి లొంగని బలం అన్నీ ఇచ్చి, చివరికి అతనితోనే పెళ్లి చేశారు. ఆ తర్వాత ఆ రాజ్యం ఏమైందో ఎవరికీ పట్టలేదు. అవంతికకు తాత ముత్తాతల్లాంటి కథ అది.

వచ్చే ఏడాదీ ఆ పై ఏడాదీ ఇలాంటి భారీ గాథలు వస్తూనే ఉంటాయి, మీ పత్రికా సమీక్షలు వేస్తూనే ఉంటుంది. నాయిక ఎంతమందిని కూల్చిందో రాయండి, తప్పులేదు. దాంతోపాటు ఆమె మొదలుపెట్టిన పనిని ఎవరు ముగించారో కూడా ఒక్క వాక్యం రాయమని మీ సమీక్షకులకు చెప్పండి. అవంతిక దేవసేన కోసమే అడవుల్లో పెరిగింది, ఆమె సంకెళ్లు తెంచడానికే కత్తి నేర్చుకుంది. రెండు భాగాల్లోనూ వాళ్లిద్దరి మధ్య గుర్తుండిపోయే సంభాషణ ఒక్కటి లేదు. పాతికేళ్ల చెర తర్వాత ఆ తల్లి ఆ పిల్లను దగ్గరికి పిలిచి ఏమడిగి ఉండేదో వినాలని నాకు ఉండేది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని,
నరసరావుపేట