కొత్త పుస్తకాల కోసం మీరిచ్చిన పైసలు: జమా ఖర్చుల వివరణ

కొత్తవాడ, వరంగల్

వాడవాసులకు, గ్రంథాలయ సభ్యులకు, చందాదారులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన గ్రంథాలయం కొత్త పుస్తకాల ఖాతాలో పాత నిల్వతో కలిపి జమ అయింది 80,616 రూపాయలు. ఖర్చయింది 71,195. మిగిలింది 9,421. ఇందులో 8,900 బ్యాంకులో ఉన్నాయి, 521 నగదుగా నా దగ్గర ఉన్నాయి. ఈ అంకెలు గోడ మీద అంటిస్తే పని అయిపోతుంది. కానీ ఏ పుస్తకం ఎవరి కోసం కొన్నామో చెప్పకపోతే పైసలిచ్చినవాళ్లకు సగం లెక్కే చెప్పినట్టు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు జమ. పోయిన ఏడాది నిల్వ 4,380. ఇంటింటికీ తిరిగి 212 రసీదుల మీద వసూలు చేసిన చందా 38,460. ఇందులో పది రూపాయల రసీదులు కూడా ఉన్నాయి, ఒక్కటీ తక్కువ కాదు. సభ్యత్వ రుసుం పెద్దలు 64 మంది వంద చొప్పున, విద్యార్థులు 46 మంది యాభై చొప్పున, మొత్తం 8,700. చిన్న పిల్లల దగ్గర ఏమీ తీసుకోలేదు. కౌంటర్ మీది హుండీలో 2,115. పాత పేపర్లు 123 కిలోలు, కిలో 15 చొప్పున అమ్మితే 1,845. పేరు చెప్పవద్దన్న ఒక దాత తన తల్లి జ్ఞాపకార్థం ఇచ్చినవి 15,000. మన వాడలో పదో తరగతి కలిసి చదువుకుని ఇప్పుడు తలా ఒక చోట ఉన్న స్నేహితులు పంపినవి 10,116. ఒక నేత కుటుంబం పైసలకు బదులు పిల్లలు కూర్చోవడానికి తమ మగ్గం మీద నేసిన రెండు జంపఖానాలు ఇచ్చింది. వాటికి వెల కట్టి లెక్కలో రాయడానికి మాకు మనసొప్పలేదు, స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం ఎక్కించాం. రోజూ వచ్చే పేపర్ల బిల్లు ఇద్దరు సభ్యులు నేరుగా కడుతున్నారు, అది ఈ లెక్కలోకి రాదు.

చందాకు తిరిగినప్పుడు చాలా ఇండ్లలో ఒకే ప్రశ్న వచ్చింది. "ఇంటి పన్నుల గ్రంథాలయ పన్ను కడ్తనే ఉన్నం గదా, మళ్ల చందా ఎందుకు?" సరైన ప్రశ్నే. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉన్న మాట నిజం. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది, దాని కింద ఉన్న గ్రంథాలయాలకు ఖర్చవుతుంది. మనది ఆ సంస్థ శాఖ కాదు. అద్దె లేకుండా దొరికిన గదిలో వాడవాళ్లం నడుపుకుంటున్నది. చందాలతో గ్రంథాలయం నడపడం ఓరుగల్లుకు కొత్త కూడా కాదు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో వస్తే, మూడేళ్లకే 1904లో హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం కోసం అప్పటివాళ్లు పడ్డ కష్టంతో పోలిస్తే మనం చేస్తున్నది చాలా చిన్న పని.

ఇక ఖర్చు. ఈసారి కొన్న పుస్తకాలు 336, వాటికి పోయింది 52,360.

అంతకు ముందు మేం చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇన్నేళ్లూ కమిటీలో ఉన్న నలుగురైదుగురం మాకు నచ్చినవే కొన్నాం. పోయిన వేసవిలో ఇచ్చిపుచ్చుకునే రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. మేం ముచ్చటపడి తెచ్చిన విమర్శ గ్రంథాలు, దాతలు ఇచ్చిన పాత సంపుటాలు మూడు అరల నిండా ఉన్నాయి. వాటిలో చాలా వాటిని మూడేళ్లలో ఒక్కరు కూడా ఇంటికి తీసుకుపోలేదు. అదే సమయంలో వచ్చినవాళ్లు అడిగింది లేక ఒట్టి చేతులతో తిరిగి పోయారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే చెప్పారు. ఆ రెండు సూత్రాలూ మా గోడ మీద రాసే ఉన్నాయి. మేమే పట్టించుకోలేదు.

అందుకే కౌంటర్ దగ్గర దారంతో పెన్ను కట్టి ఒక కోరికల రిజిస్టర్ పెట్టాం. దసరా దాకా 163 మంది రాశారు. రాయడం రానివాళ్లు చెబితే మేం రాశాం. కొనుగోలు మొత్తం ఆ రిజిస్టర్ పట్టుకుని చేసిందే.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది పిల్లల పుస్తకాల గురించి. 118 పుస్తకాలు, 9,640 రూపాయలు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి, తెలుగులో పిల్లల కోసమే పని చేసే ప్రచురణకర్తలవి ముందు ఆరు నమూనా పుస్తకాలు తెప్పించి, ఒక ఆదివారం జంపఖానా మీద పరిచాం. పిల్లలు ఏది పట్టుకుంటారో, ఎక్కడ వదిలేస్తారో పక్కన కూర్చుని చూశాం. మూడో తరగతి చదివే ఒక పాప వేలు పెట్టి గడగడా చదువుకుంటూ పోయి 'ఉత్కంఠ' దగ్గర ఆగింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి పుస్తకం మూసి బొమ్మల పుస్తకం అందుకుంది. కథ బాగుంది, బొమ్మలు బాగున్నాయి, ఒక్క వత్తు ఆ పాపను కథ బయటికి నెట్టేసింది. అట్ట మీద '6 నుంచి 8 ఏళ్లు' అని అచ్చేసినంత మాత్రాన ఆ వయసు పిల్లలు చదవగలరని కాదని ఆ రోజు అర్థమైంది. అందుకని వయసు పక్కన పెట్టి చదువు వచ్చిన తీరును బట్టి కొన్నాం. అక్షరాలు ఇంకా రానివాళ్లకు బొమ్మలే ఉన్నవి, గుణింతాల దాకా వచ్చినవాళ్లకు పేజీకి రెండు మూడు వాక్యాలున్నవి, వత్తులు నిలకడగా చదివేవాళ్లకు కథలు, సైన్సు ప్రయోగాలు, పక్షుల గురించినవి. వెనుక అట్ట మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు అంటించాం. ఐదో తరగతి పిల్లవాడు ఆకుపచ్చ చుక్క పుస్తకం తీసుకుంటే ఎవరూ నవ్వొద్దని, ఏమీ అనొద్దని పెద్దలకు నా మనవి.

పెద్ద వయసువాళ్ల కోసం కొన్నది తక్కువే, కానీ వెతకడానికి ఎక్కువ రోజులు పట్టింది. ఆజంజాహి బట్టల మిల్లులో పని చేసి ఇంట్లో ఉంటున్న ఒక తాత రోజూ పేపర్‌లో హెడ్డింగులే చదివి పోతుంటారు. నవల ఇస్తే తిరిగి ఇచ్చేశారు. "బిడ్డా, కథ మంచిగనే ఉంటది గానీ అక్షరాలు చీమల్లెక్క కనబడ్తున్నయి" అన్నారు. 15,000 ఇచ్చిన దాత కోరిక కూడా అదే. వాళ్ల అమ్మగారికి చివరి రోజుల్లో చూపు ఆనక చదువు ఆగిపోయిందట. పెద్ద అక్షరాల పుస్తకాలు కొనమన్నారు. నిజం చెప్పాలంటే తెలుగులో పెద్ద అక్షరాలతో దొరికేవి ఎక్కువగా భక్తి పుస్తకాలే. మన పక్క జిల్లా బమ్మెర పోతన భాగవతం తాత్పర్యంతో పెద్ద అచ్చులో దొరికింది. కథలు, నవలలు గుప్పెడు కూడా దొరకలేదు. ఆ దాత సొమ్ములో పెద్ద అక్షరాల పుస్తకాలకు పోయింది 6,120 మాత్రమే. ఇది పురాణాల పద్దులో కొంత, నవలల పద్దులో కొంత కలిసి ఉంది. ఆయన ఒప్పుకున్న తర్వాత మరో 6,800తో వంగకుండా, పైకి చేయి చాపకుండా నడుము నుంచి భుజం ఎత్తులో పుస్తకాలు అందే ఇనుప ర్యాక్ చేయించాం. మిగిలిన 2,080 అలాగే ఉంచాం. అది పెద్ద అక్షరాల పుస్తకాలకే ఖర్చు పెడతాం, వేరేదానికి తీయం.

పోటీ పరీక్షల పుస్తకాలు 42, వాటికి 13,870. పాత విద్యార్థులు ఇచ్చిన 10,116 దీనికేనని చెప్పి ఇచ్చారు. మిగతా 3,754 సాధారణ చందాలోంచి వేశాం. గ్రూప్-2 నాలుగో పేపర్ మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావమే కాబట్టి దానికి సంబంధించినవి, తెలుగు అకాడమీ ప్రచురణలు ఎక్కువ మంది అడిగారు. పది రకాలు ఒక్కోటి కొనే బదులు బాగా అడిగినవి మూడేసి కాపీలు కొన్నాం. ఎందుకంటే పరీక్ష దగ్గరపడ్డప్పుడు ఒక పుస్తకం కోసం ఐదుగురు ఎదురు చూస్తూ టెన్షన్ పడటం మేం కళ్లారా చూశాం. ఇక్కడ ఒక నష్టం జరిగింది. వర్తమాన అంశాల పుస్తకం నాలుగు కాపీలు కొన్నాం, నోటిఫికేషన్ అనుకున్నప్పుడు రాలేదు, రెండు కాపీలు ఎవరూ తీయకుండానే పాతబడిపోయాయి. 380 రూపాయలు వృథా అయ్యాయి. ఇకముందు అలాంటివి నోటిఫికేషన్ వచ్చాకే కొంటాం.

నవలలు, కథలు, కవిత్వం 96, వాటికి 15,320. వీటి మీద కమిటీలో గట్టి వాదనే జరిగింది. అపరాధ పరిశోధన నవలలు, ప్రేమ నవలలు చందా పైసలతో కొనడమేంటని ఇద్దరు అభ్యంతరం చెప్పారు. కానీ రిజిస్టర్‌లో వాటినే ముప్పై మందికి పైగా అడిగారు. అడిగినవాళ్లలో ఎక్కువ మంది పగలంతా ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టి, రాత్రి పది తర్వాత ఒక గంట చదువుకునే ఆడవాళ్లు. ఆ గంట వాళ్లకు ఏది కావాలో వాళ్లే చెప్పాలి. నా అభిప్రాయం అదే, చివరికి కమిటీ తీర్మానం కూడా అదే. కాళోజీ గారి 'నా గొడవ', నవీన్ గారి 'అంపశయ్య' పాత కాపీలు చదివి చదివి చిరిగిపోయాయి కాబట్టి మళ్లీ కొన్నాం.

మిగతావి తొందరగా చెబుతాను. పురాణాలు, భక్తి 14, ధర 3,450. ఆరోగ్యం, కుట్టు, సాగు, ఇంటి వైరింగ్ లాంటివి 27, ధర 4,180. ఉర్దూ, హిందీ 18, ధర 2,260. ఉర్దూవి చార్మినార్ దగ్గర కొన్నాం, ఇంత కాలం మన దగ్గర ఒక్క ఉర్దూ పుస్తకం లేకపోవడం సరైంది కాదు. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకు తేలిక కథలు 21, ధర 3,640. ఇందులో 13 అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఒక్కోటి 90 చొప్పున కొన్నవి, మొత్తం 1,170. వాటికి బిల్లు ఉండదు. తెల్ల కాగితం మీద పేర్లు, ధరలు రాసి వెళ్లిన ఇద్దరం సంతకాలు పెట్టి ఫైల్‌లో పెట్టాం. ఆ 13 తీసేస్తే మిగతా పుస్తకాల ముద్రిత ధర 61,500. దుకాణాన్ని బట్టి 10 నుంచి 25 శాతం దాకా తగ్గింపు అడిగి తీసుకున్నాం, అలా మిగిలింది 10,310. పుస్తకాల మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ బిల్లుల్లో పన్ను కనబడదు. ర్యాక్ బిల్లులో ఉంది, 6,800 దాంతో కలిపే.

పుస్తకాలు కాక అయిన ఖర్చు 18,835. పైన చెప్పిన ర్యాక్ 6,800. పిల్లల ఎత్తుకు వడ్రంగితో చేయించిన చెక్క అర 3,500. పాత పుస్తకాలు 23 బైండింగ్, ఒక్కోటి 120 చొప్పున 2,760. అట్టల కవర్లు, లేబుళ్లు, స్టాంపు, రిజిస్టర్లు, రెండు భూతద్దాలు కలిపి 1,985. ఇద్దరికి హైదరాబాద్ రాకపోకలు, ఆటో, భోజనం 1,740. రాత్రి చుట్టాలింట్లో పడుకున్నాం కాబట్టి లాడ్జి ఖర్చు లేదు. ఐదు కట్టలు తేవడానికి పార్సిల్, హమాలీ 1,150. రసీదు పుస్తకాల అచ్చు 900.

ఒక విషయం చెప్పాలి. వచ్చిన నవలల్లో ఒకటి 96వ పేజీ తర్వాత మళ్లీ 81 నుంచి మొదలైంది. పదహారు పేజీల ఫారం ఒకటి రెండుసార్లు పడి, 97 నుంచి 112 దాకా ఉండాల్సింది లేదు. చదువుతున్న అక్క సగం కథలో ఆగిపోయి రాత్రే ఫోన్ చేసింది. అమ్మిన దుకాణం మొదట మార్చనంది, బిల్లు ఫొటో, ఆ పేజీల ఫొటోలు పంపాక మూడు వారాలకు కొత్తది వచ్చింది. అప్పటి నుంచి ప్రతి పుస్తకం స్టాంపు వేసే ముందే పేజీ నంబర్లు చూస్తున్నాం. స్టాంపు పడితే వాపసు తీసుకోరు.

బిల్లులు, వోచర్లు, బ్యాంకు పుస్తకం, కోరికల రిజిస్టర్ గ్రంథాలయంలోనే ఉన్నాయి. సాయంత్రం 5 నుంచి 8 దాకా ఎవరైనా చూడవచ్చు, పది రూపాయలు ఇచ్చినవాళ్లకైనా, ఏమీ ఇవ్వనివాళ్లకైనా ఆ హక్కు ఉంది. రసీదు నంబరు, మా లెక్కలో ఉన్న మొత్తం ఎక్కడైనా కలవకపోతే వెంటనే చెప్పండి.

రిజిస్టర్‌లో అడిగినవి ఇంకా 19 తీర్చలేకపోయాం. కొన్ని అచ్చులో లేవు, కొన్ని పైసలు చాలక ఆపాం. ఒక మెకానిక్ తమ్ముడు బోరు మోటార్ వైండింగ్ నేర్పే పుస్తకం బొమ్మలతో తెలుగులో కావాలని రెండుసార్లు రాశాడు. కోఠిలో దుకాణం దుకాణం తిరిగినా దొరకలేదు. మీకు ఎక్కడైనా కనబడితే పేరు, ప్రచురించినవాళ్ల పేరు రాసుకొచ్చి కౌంటర్‌లో ఇవ్వండి, ఉన్న నిల్వలోంచి ఆ వారమే తెప్పిస్తాం.

కోశాధికారి,
పుస్తకాల కొనుగోలు కమిటీ తరఫున