ఆదివారం తాతయ్య సంవత్సరీకం

అందరికీ నమస్కారం. భోజనాలు సత్యనారాయణపురం ఇంట్లోనే, పన్నెండున్నరకి.

మేడ మీద కుండీలు ఇప్పుడు నాన్న చూసుకుంటున్నారు. తాతయ్య ఉన్నప్పుడు బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయనిచ్చేవారు కాదు, అన్నీ మల్లెపాదుకే. సంక్రాంతి వెళ్లగానే ఆకు దూసి కొమ్మలు కత్తిరిస్తుంటే "చెట్టుని చంపేస్తున్నారు" అని నానమ్మ గొడవ. ఎండాకాలం విరగబూశాక మొదటి దోసెడు మాత్రం ఆవిడకే ఇచ్చేవారు.

ఇక కొండపల్లి బొమ్మలంటే ప్రాణం. కొనేముందు తిరగేసి అతుకులు చూడాల్సిందే. తెల్ల పొణికి కర్ర ఎండబెట్టి చెక్కుతారనీ, కాళ్లూ చేతులూ విడిగా చేసి చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారనీ మనకి ఎన్నిసార్లు చెప్పారో! తడిగుడ్డతో తుడిస్తే ఎవరినైనా సరే కసిరేవారు (పాపం, కొత్తల్లో పిన్నిని కూడా).

అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాలు ముందుగదిలో పెడుతున్నాం. ఎవరికేం కావాలో పిల్లలే ఎంచుకోవాలని నానమ్మ మాట. ఏనుగు తొండం విరిగింది, కొండపల్లి తీసుకెళ్లి బాగుచేయిద్దాం. మల్లె అంట్లు కావాల్సినవాళ్లు ఇక్కడే చెప్పండి. అత్తయ్యా, గుంటూరుకి రెండు కుండీలు మీ పేరు మీద పక్కన పెట్టేశాం, కారులో చోటు చూసుకుని రండి.