కృతజ్ఞతల పేజీలో లేని పేర్లు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో విడివిడిగా వచ్చిన కథలను ఒక సంపుటిగా చూసుకోవాలన్నది నా చాలాకాలపు కోరిక. ఇప్పటికి తీరింది. ముందుమాట రాసిన పెద్దలకు, వెన్నుతట్టిన మిత్రులకు అందరం పుస్తకంలోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాం. అక్షరాలు కూర్చినవారికి, ప్రూఫులు దిద్దినవారికి, బైండింగ్ చేసినవారికి మాత్రం మన తెలుగు పుస్తకాల్లో ఒక పంక్తి దక్కడమే అరుదు. వాళ్ల పని ఎంతుంటుందో తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో తొలి పుస్తకం వేసుకోబోయేవారికి తెలియాలని ఈ ఉత్తరం.

పాత కథలు చాలావరకు అను ఫాంట్లలో (అచ్చుపనికి వాడే పాత పద్ధతి తెలుగు అక్షరాల్లో) ఉంటాయి, కొత్తవి ఫోన్లలోనూ కనిపించే యూనికోడ్‌లో. రెండింటినీ ఒక దారికి తేవడంతోనే డీటీపీ పని, అంటే కంప్యూటర్ మీద అక్షరాల కూర్పు, మొదలవుతుంది. కన్వర్టర్‌లో వేస్తే నిమిషంలో మారిపోతాయి కానీ కొన్ని వత్తులు, కొటేషన్ గుర్తులు తారుమారవుతాయి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాట మధ్యలో కంటికి కనిపించని విడదీత గుర్తు పడకపోతే 'వ' పోయి 'ఫ' కింద ఇంకో వత్తుగా కూర్చుంటుంది. పంక్తి చివర పొడవాటి మాటను చేత్తో విరిచి హైఫన్ పెట్టారనుకోండి, ఆ పైన ఒక్క మాట తీసేసినా ఆ హైఫన్ పంక్తి నడుమకొచ్చి నిలబడుతుంది. అందుకే విరుపులు దిద్దుబాట్లన్నీ అయ్యాకే పెట్టాలి. ప్రెస్సుకు పంపే పీడీఎఫ్‌లో ఫాంట్లు ఇమిడి ఉండాలి, లేకుంటే అక్కడి కంప్యూటర్‌లో తెలుగు పిచ్చిగీతలైపోతుంది.

ప్రూఫు మూడుసార్లు చూడాలి, మూడుసార్లూ ఒకే పని కాదు. మొదటిసారి ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫులో చూసుకోవాలి. ఎగిరిపోయిన పంక్తి అలాగే దొరుకుతుంది. మనసులో చదువుకుంటే కన్ను తనంతట తానే పూరించుకుని ముందుకెళ్లిపోతుంది. రెండోసారి, దిద్దుబాట్లు పడ్డాయా లేదా అన్నది. ఒక తప్పు దిద్దబోయి పక్కన మరొకటి కొట్టడం మామూలే కనుక ఆ పంక్తి మొత్తం, దాని పైదీ కిందిదీ కూడా చదవాలి. ఆఖరుది పేజీ ప్రూఫు: పుటల సంఖ్యలు విషయసూచికతో కుదిరాయా, కథలో చివరి పంక్తి ఒక్కటే తర్వాతి పేజీకి జారిందా, ఇవన్నీ.

మన వైపు కథలకు ఇంకో చిక్కుంది. పాత్ర 'యాడికి', 'ఈడ', 'పోతావుండాడు' అంటే ప్రూఫు రీడరు 'ఎక్కడికి', 'ఇక్కడ', 'పోతున్నాడు' అని సాపు చేసేయవచ్చు. పనిమంతులైనకొద్దీ ఈ ప్రమాదం ఎక్కువ! పని మొదలుకాకముందే యాస మాటల జాబితా రాసివ్వాలి. ఆ యాస సంభాషణల్లోనేనా, కథనంలో కూడానా అన్నదీ అందులో ఉండాలి. ఒకచోట 'వొచ్చినాడు', మరోచోట 'వచ్చినాడు' అని మనమే రాస్తే ఏది మన ఉద్దేశమో ఎదుటివారికి ఎట్లా తెలుస్తుంది? సందేహం వచ్చినచోట దిద్దేయకుండా అంచున ప్రశ్నార్థకం పెట్టి తిప్పిపంపే ప్రూఫు రీడరు దొరకడం అదృష్టం. నాకు దొరికారు.

ఇక కాగితం. డెమ్మీ 1/8 అనే మామూలు పుస్తకం సైజులో ఫారానికి (కలిపి అచ్చువేసి మడిచే పేజీల కట్టకు) 16 పేజీలు. 160 పేజీలైతే సరిగ్గా 10 ఫారాలు. 163 దగ్గర ఆగితే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం పెట్టేకన్నా ఒక కథను కాస్త కుదించడమే మేలు. 23×36 అంగుళాల షీటుకు రెండువైపులా కలిపి 32 పేజీలు వస్తాయి. అంటే 160 పేజీల ప్రతికి 5 షీట్లు, 500 ప్రతులకు 5 రీములు (రీముకు 500 షీట్లు), తరుగుకు పైన కొంత. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) మేప్లిథో రకం కాగితం అయితే రీము 18.7 కిలోల దాకా తూగుతుంది. అట్ట వెన్ను మందాన్ని అంచనాగా వేయకూడదు. అదే కాగితంతో అచ్చులేని ఖాళీ నమూనా పుస్తకం (డమ్మీ) కట్టించి కొలవాలి, లేకుంటే వెన్ను మీది పేరు ముఖచిత్రం మీదికి జారుతుంది. కాగితం నార, అంటే పీచు సాగే దిశ, వెన్నుకు అడ్డంగా పడినా ముప్పే: ఆకులు అలలు తేలి జిగురు వదిలేస్తాయి. 200 పేజీలు దాటితే ఫారాలను దారంతో కుట్టించాకే జిగురు వేయించడం మంచిది. ఆవిష్కరణ తేదీని కార్డుల్లో వేసేసి బైండరు నెత్తిన కూర్చోవడం మన రచయితల అలవాటు. జిగురు ఆరకముందే కట్టలు కట్టిన పుస్తకం సభలో విప్పగానే ఆకులు రాలుస్తుంది, నింద బైండరుకు.

పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌కు రుసుము లేదు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో రచయితే దరఖాస్తు చేసుకోవచ్చు, మధ్యవర్తులకు డబ్బు ఇవ్వనక్కర్లేదు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. మన వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాదే వచ్చిన చట్టం అది. సొంతంగా పుస్తకం వేసుకునేవారిలో దాన్ని పట్టించుకునేవారు తక్కువ.

మీ పుస్తక పరిచయాల్లో పుటలు, వెల, ప్రతులకు చిరునామా వేస్తున్నారు. వాటి పక్కనే అక్షర కూర్పు, ప్రూఫులు, బైండింగ్ ఎవరివో కూడా వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ వివరం లేని పుస్తకాన్ని సమీక్షకు పంపిన రచయితను అడిగైనా తెప్పించుకోండి.

— ఒక కథారచయిత్రి, కొర్లగుంట, తిరుపతి