ఆపేసిన సెట్టింగ్ ఆగే ఉండాలి

అయ్యా,

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. ఆ సందర్భంగా నా కంటపడిన వ్యాసాలన్నీ విండోస్ 11కు మారమనో, మారలేకపోతే కొత్త కంప్యూటర్ కొనుక్కోమనో చెప్పి ఊరుకున్నాయి. మారాక మన కంప్యూటర్ మీద మనకు ఎంత అధికారం మిగులుతుందన్న సంగతి మాత్రం చర్చకే రాలేదు. పొద్దస్తమానం కంప్యూటర్ ముందే కూర్చుని, విండోస్ తన లోపలి సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీ దాకా వెళ్ళి మార్పులు చేసుకునే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఆ సంగతి నేను రాస్తున్నాను.

విండోస్‌ను తిట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్ళలో నేను లేను. ఎప్పుడో తయారైన పాత ప్రోగ్రాములను ఇప్పటికీ నడిపించడం మామూలు పని కాదు. 2016లో లినక్స్‌ను, అంటే విండోస్‌కు పోటీగా ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, విండోస్ లోపలే నడుపుకొనే ఏర్పాటు తెచ్చారు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబుల కోసం ఏళ్ళ తరబడి అడగగా 2022లో ఇచ్చారు. ఇంజనీర్ల పనితనానికి వంక పెట్టలేం. ఆ పనితనం మీద కూర్చుని ఏది అమ్ముదామా అని చూసేవాళ్ళతోనే నా పేచీ.

తెర అడుగున ఉండే పట్టీని, అదే టాస్క్‌బార్‌ను చూడండి. విండోస్ 95 నుంచి విండోస్ 10 వరకు దాన్ని తెర పైకో, పక్కకో జరుపుకొనే వీలుండేది. 2021లో విండోస్ 11 ఆ వీలు లేకుండానే వచ్చింది. తెరిచిన కిటికీలకు విడివిడిగా పేర్లు కనిపించే సదుపాయం, ఫైలును లాక్కొచ్చి టాస్క్‌బార్ మీద వదిలే సదుపాయం కూడా పోయాయి. ఫైలు లాగడం 2022లో, పేర్లు 2023లో తిరిగి వచ్చాయి, అదీ కొత్త సౌకర్యాలన్న ప్రచారంతో! కుడి క్లిక్ మెనూలో సగం ఆదేశాలు ‘మరిన్ని ఆప్షన్లు’ వెనక్కి వెళ్ళి దాక్కున్నాయి. వడ్రంగి చెయ్యి చూడకుండానే ఉలి మీదికి వెళ్తుంది. పెట్టెలో ఉలి స్థానాన్ని రాత్రికి రాత్రి మార్చేసి, ఇప్పుడు పెట్టె అందంగా ఉందని చెబితే అతడికి ఎలా ఉంటుంది? పోనీ మార్చినదాన్నయినా పూర్తిగా మార్చారా అంటే అదీ లేదు. 2012లో విండోస్ 8తో మొదలైన సెట్టింగ్స్ యాప్ ఇప్పటికీ కొన్ని పనులకు మనల్ని పాత కంట్రోల్ ప్యానెల్‌కే పంపుతోంది.

ఇవన్నీ చికాకులు. ఓ నాలుగు తిట్లు తిట్టుకుని అలవాటు పడవచ్చు. అలవాటు పడకూడనివి వేరే ఉన్నాయి.

కొత్త కంప్యూటర్ తెరవగానే విండోస్ 11 హోమ్ మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. 2022 నుంచి వ్యక్తిగత వాడకానికి పెట్టుకునే ప్రో కూడా అంతే. ఖాతా లేకుండా, యంత్రానికే పరిమితమైన లోకల్ ఖాతాతో మొదలుపెట్టే దారి తెర మీద కనిపించదు. తెలిసినవాళ్ళు షిఫ్ట్, ఎఫ్10 నొక్కి, నల్ల తెరలో ఒక ఆదేశం కొట్టి తప్పించుకునేవారు. 2025 మార్చిలో, విడుదలకు ముందు వచ్చే పరీక్ష కూర్పుల్లోంచి ఆ ఆదేశాన్ని కూడా తీసేశారు. డబ్బు పెట్టి కొన్న వస్తువును వాడుకోవడానికి, దాన్ని చేసినవాళ్ళ దగ్గర పేరు నమోదు చేసుకోవాలట!

ఖాతా ఇచ్చాక, మన ఫైళ్ళను ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వర్ల (క్లౌడ్) మీద దాచే వన్‌డ్రైవ్ వస్తుంది. డెస్క్‌టాప్‌ను, డాక్యుమెంట్లను, ఫొటోలను సరిగా అడగకుండానే క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెట్టిందని 2024లో చాలామంది వాపోయారు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండగానే స్థలం కొనుక్కోమని కబురు. కంగారుపడి బ్యాకప్ ఆపేస్తే డెస్క్‌టాప్ ఖాళీ! ఫైళ్ళు ఎక్కడికీ పోవు, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఈ సంగతి నాబోటివాళ్ళకు తెలుస్తుంది. కూడబెట్టుకున్న ఫొటోలన్నీ పోయాయని హడలిపోయిన మనిషికి ఎవరు చెప్పాలి?

స్టార్ట్ మెనూలో ‘సిఫారసుల’ పేరిట 2024 ఏప్రిల్ నుంచి యాప్‌ల ప్రకటనలు కూడా చేరాయి. ఆపుకోవచ్చు, నిజమే. కానీ ఇలాంటి మీటలు ఒక్కచోట ఉండవు, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అన్నీ మళ్ళీ వెతికి చూసుకోవాల్సి వస్తుంది. ‘మీ పరికరాన్ని సిద్ధం చేయడం పూర్తిచేద్దాం’ అంటూ నిండు తెరతో వచ్చే పిలుపును కాదంటే, 3 రోజుల్లో గుర్తుచేస్తానంటుంది. మన వాడకం గురించి కంపెనీకి వెళ్ళే డయాగ్నస్టిక్ సమాచారం కూడా అంతే. సంస్థలకు అమ్మే ఎంటర్‌ప్రైజ్ కూర్పులో దాన్ని పూర్తిగా ఆపవచ్చు. హోమ్, ప్రో కూర్పుల్లో కొంత పంపక తప్పదు. ఆపడం సాధ్యమే అన్నమాట, మనకు మాత్రం కాదు.

దీన్ని మించిన రుజువు యూరప్‌లో ఉంది. పెద్ద టెక్ కంపెనీల పెత్తనానికి కళ్ళెం వేసే అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం 2024 మార్చిలో ఇలాంటి పెద్ద కంపెనీలకు వర్తించింది. ఆ వెంటనే యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలోని విండోస్‌లో ఎడ్జ్ బ్రౌజర్‌ను మామూలు ప్రోగ్రాములాగే తీసేసే వీలు వచ్చింది. స్టార్ట్ మెనూ వెతుకులాటలోంచి మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజన్ బింగ్‌ను కూడా తొలగించుకోవచ్చు. విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు మరో ఏడాది కావాలంటే మిగతా ప్రపంచం 30 డాలర్లు కట్టాలి, లేదా సెట్టింగులను కంపెనీ క్లౌడ్‌లో దాచుకోవాలి, అదీ కాకపోతే వాళ్ళ రివార్డ్ పాయింట్లు ఇచ్చుకోవాలి. అక్కడి వినియోగదారుల సంఘాలు నిలదీశాక యూరప్ వాళ్ళకు ఈ షరతులు తొలగిపోయాయి, ఖాతా ఒక్కటి ఉంటే చాలు. ఇదంతా కంపెనీ మంచితనంతో జరిగిందనుకోనక్కర్లేదు. బ్రౌజర్ ఎంచుకునే తెర చూపిస్తానని ఇచ్చిన మాట తప్పినందుకు 2013లో ఇదే కంపెనీకి యూరోపియన్ కమిషన్ 56.1 కోట్ల యూరోల జరిమానా వేసింది.

అంటే మీట ఉంది, పనిచేస్తోంది. అది ఎవరి చేతికి అందాలన్నది మాత్రం చిరునామా చూసి నిర్ణయిస్తున్నారు.

నచ్చకపోతే లినక్స్‌కు మారవచ్చు కదా అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. నాకు అదీ అలవాటే. అయితే ఆఫీసు ఇచ్చిన కంప్యూటర్‌ను ఉద్యోగి మార్చలేడు. ఏళ్ళ లెక్కలన్నీ ఒక విండోస్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్న దుకాణదారూ మార్చలేడు. కదలలేని వాడుకరి మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది.

కాబట్టి అడగాల్సింది విడివిడిగా మనం కాదు. వేల సంఖ్యలో కంప్యూటర్లు కొనే ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు, బ్యాంకులు తమ టెండరు షరతుల్లోనే ఈ మాట రాయాలి: లోకల్ ఖాతా మొదటి తెర మీదే కనిపించాలి, ఆపేసిన సెట్టింగ్ అప్‌డేట్ తర్వాత కూడా ఆగే ఉండాలి, ప్రకటనలు ఉండకూడదు, యూరప్‌లో తొలగించగలిగినవన్నీ ఇక్కడా తొలగించగలగాలి. పోటీ చట్టాలు చూసే సంస్థలు ఈ చివరి షరతును టెండర్లకే వదిలేయకుండా, ఒకే సరుకును ప్రాంతాన్ని బట్టి వేర్వేరు హక్కులతో ఎందుకు అమ్ముతున్నారని కంపెనీని నేరుగా వివరణ అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు