పెద్ద జీతమిచ్చి, గంటలు ఊరికే

సంపాదకుడు గారికి,

పెద్ద బ్యాంకుల్లో, లా సంస్థల్లో కుర్రాళ్లు రాత్రింబవళ్లు పనిచేసి కుదేలవుతున్నారన్న మాట వచ్చినప్పుడల్లా "అంత జీతం ఊరికే ఇస్తారా?" అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. గొడవంతా ఆ జీతంలోనే ఉందని నా అభిప్రాయం. జీతం ఇంత అని ఖాయమయ్యాక, ఆపైన చేయించుకునే ప్రతి గంటా యజమానికి ఉచితమే. అమెరికాలో 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం లాయర్లకు ఓవర్‌టైమ్ హక్కు ఇవ్వలేదు. బ్రిటన్‌లో సగటున వారానికి 48 గంటల పరిమితి ఉన్నా, ఆ పరిమితి తనకు వద్దని ఉద్యోగి సంతకం పెడితే సరి.

ఊరికే దొరికేదాన్ని ఎవరు పొదుపుగా వాడతారు? బ్యాంకులో జూనియర్ పగలంతా పైఅధికారి దిద్దుబాట్ల కోసం కాచుకుని కూర్చుంటాడు. అవి సాయంత్రం ఏడింటికి వస్తాయి, "పొద్దున్నకల్లా కావాలి" అన్న మాటతో. ఇక అర్ధరాత్రి దాటేదాకా స్లైడ్లలో అక్షరాల సైజు సరిచేయడం, లోగోలు ఒక వరసలోకి జరపడం. క్లయింటు ఆ పేజీ తిప్పి చూస్తాడన్న నమ్మకమూ లేదు.

లాయర్ల సంగతి మరీ విచిత్రం. అక్కడ కాలాన్ని ఆరేసి నిమిషాల ముక్కలు చేసి క్లయింటుకు అమ్ముతారు. నాలుగు నిమిషాల ఫోన్ కాల్ కూడా బిల్లులో గంటలో పదో వంతు. పెద్ద సంస్థల్లో ఏడాదికి 1,900 నుంచి 2,000 గంటలు బిల్లు చేయాలన్న లక్ష్యం మామూలే. శిక్షణ, ఆఫీసు మీటింగులు అందులోకి రావు. (ఇలాంటి చోట పని చకచకా ముగించేవాడు తెలివైనవాడా, అమాయకుడా?)

2021లో అమెరికా బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్‌లో 13 మంది తొలి ఏడాది అనలిస్టులు (అన్నిటికంటే కింది మెట్టు ఉద్యోగులు) తమలో తాము సర్వే చేసుకుంటే వారానికి సగటున 95 గంటల పని, రాత్రికి ఐదు గంటల నిద్ర అని తేలింది. 2024లో మరో అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ జూనియర్లకు వారానికి 80 గంటల హద్దు పెట్టింది, అదీ డీల్ (కంపెనీల కొనుగోలు, విలీనం లాంటి వ్యవహారం) నడుస్తుంటే సడలింపుతో. డీల్ నడుస్తున్నప్పుడే కదా అసలు హద్దు కావలసింది! వారానికి 55 గంటలు, ఆపైన పనిచేస్తే పక్షవాతం ముప్పు, 35-40 గంటలు పనిచేసేవారికంటే 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే చెప్పాయి.

ఆ అదనపు గంటలన్నీ బోనస్‌లో కలిసే ఉన్నాయంటారు యజమానులు. అలాగైతే గంటలు రాసి చూపించడానికి అభ్యంతరమెందుకు? జీతం ఎంతైనా సరే, పనిచేసిన గంటలన్నీ నమోదు కావాలి, 55 దాటిన ప్రతి గంటకూ అదనంగా చెల్లించి తీరాలని చట్టం ఉండాలి. ఆ కుర్రాళ్లకు డబ్బు చాలడం లేదని కాదు. ఆ ఖర్చు పని చేయించిన అధికారి విభాగం పద్దులో పడాలి, అప్పుడే గంటలను పొదుపుగా వాడతాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు