మెత్తని పగడాలపై నాచుకు మైలుతుత్తం మందు కాదు

గౌరవనీయ సంపాదకులకు,

ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుని, సముద్రజీవులైన మెత్తని పగడాలు పెంచేవారు ఇప్పుడు మన గోదావరి జిల్లాల పట్టణాల్లోనూ అక్కడక్కడా ఉన్నారు. ఆ పగడాలకు నాచు పట్టినప్పుడు మనవాళ్లు తొందరపడి చేసే ఒక పొరపాటు గురించి, అదే పొరపాటు చేసి నష్టపోయినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ట్యాంకులో పుట్టగొడుగులా విచ్చుకునే సార్కోఫైటన్ పగడం ఒకటి, చొక్కా గుండీలంత పువ్వులతో రాయికి అంటుకుని పెరిగే జోవాంథిడ్ల గుత్తి ఒకటి ఉండేవి. ఒక వేసవిలో జోవాంథిడ్ల మొదళ్ల దగ్గర ఆకుపచ్చ నాచు వెంట్రుకల్లా మొలిచి, పువ్వులు విచ్చుకోవడానికి చోటు లేకుండా చేసింది. ఆక్వా మందుల దుకాణంలో అడిగితే, చేపల చెరువులో నాచుకు వేసే మందే చిటికెడు వేయమన్నారు. అది మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. నాచు తెల్లబడిన మాట నిజమే గాని, మర్నాడు పొద్దుటికి నత్తలన్నీ అద్దం మీద నుంచి జారి ఇసుకలో పడి ఉన్నాయి, వారం తిరిగేసరికి పగడం కుళ్లిపోయింది. చేప కొంతవరకు తట్టుకోగల రాగి మోతాదు నత్తకూ రొయ్యకూ పగడానికీ ప్రాణాంతకం. పైగా ట్యాంకులోని రాళ్లూ ఇసుకా రాగిని పీల్చుకుని తరవాత మెల్లగా నీటిలోకి వదులుతాయి కనుక, నీళ్లు మార్చినంత మాత్రాన ఆ విషం పోదు. ఆ రాళ్లన్నీ నేను పారేయవలసి వచ్చింది.

నాచు పగడానికి వచ్చిన రోగం కాదు, నీటిలో నైట్రేటూ ఫాస్ఫేటూ పేరుకున్నప్పుడు చేలో కలుపు లేచినట్టు లేస్తుంది. మన డెల్టాలో ఈ సంగతి మరీ ముఖ్యం. మనకు కుళాయిలో వచ్చేది చాలాచోట్ల కాలువల నుంచి మంచినీటి చెరువులకు మళ్లించి నిలవ చేసిన నీరు, కాలువలు కట్టేసిన వేసవి వారాల్లో ఆ నిలవ నీటిమీదే నెట్టుకురావాలి, ఆ నీటితోనే నైట్రేటూ ఫాస్ఫేటూ ట్యాంకులోకి రావచ్చు. ఇంట్లో తాగునీటికి పెట్టుకున్న ఆర్వో యంత్రం చాలుననుకుంటే అదీ పొరపాటే, ఎందుకంటే రుచి కోసం చాలా యంత్రాలు వడకట్టిన నీటిలో కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతాయి. పగడాల ట్యాంకుకు, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపించే నీరు కావాలి, అందుకు ఆర్వో తరవాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం విడిగా పెట్టుకోవాలి. అంతర్వేది నుంచి సముద్రపు నీరు డబ్బాల్లో తెచ్చి పోసేవారికి కూడా ఒక మాట: అక్కడ గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది, వరదల కాలంలో ఆ నీటి ఉప్పదనం పడిపోతుంది, ఒండ్రు కూడా వస్తుంది. వెయ్యికి 35 పాళ్ల లవణం ఉండేలా ఉప్పు మనమే కలుపుకోవడం మేలు.

ఇక పట్టిన నాచును వదిలించడం చేతిపని. జోవాంథిడ్ల రాయిని ట్యాంకు నీళ్లే పోసిన గిన్నెలోకి తీసుకుని, నాచును పట్టకారుతో పీకి, మిగిలినదాన్ని మెత్తని పళ్ల బ్రష్షుతో నీటిలో ముంచే ఉంచి రుద్దాలి. చేతికి రబ్బరు తొడుగులూ కళ్లకు అద్దాలూ లేకుండా ఈ పని చేయకూడదు, ఆ రాయి మీద వేడినీళ్లు అసలే పోయకూడదు. ఈ జాతిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది, అది గాయం ద్వారానూ ఆవిరితోనూ మనిషిని ఆస్పత్రి పాలు చేయగలదు. పీకినా పోని నాచుకు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు ఒక పాలును పది పాళ్ల ట్యాంకు నీటిలో కలిపి, అందులో రాయిని ఐదు నిమిషాలకు మించకుండా ఉంచి, విడిగా తీసిన ట్యాంకు నీటిలో కడిగి తిరిగి పెట్టవచ్చు. మందుల షాపులో దొరికేది తరచుగా 6 శాతం ఉంటుంది, సీసా చూసుకుని పలచన చేసుకోవాలి. నాచు మీద సన్నని బుడగలు లేస్తాయి, రెండు మూడు రోజుల్లో అది పాలిపోతుంది. జీనియా వంటి సుకుమారమైన పగడాలకు ఈ పద్ధతి వద్దు.

సార్కోఫైటన్ సంగతి వేరు. అది అప్పుడప్పుడు ముడుచుకుపోయి, ఒంటిమీద మైనంలాంటి పొర కమ్ముకుని, ఆ పొర మీద గోధుమరంగు నాచు పేరుకుని, చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. కంగారుపడి గీకకూడదు. పంపు ధారను కొంచెం దానివైపు తిప్పితే కొన్ని రోజుల్లో ఆ పొర ఉల్లిపొరలా లేచి, నాచుతో సహా కొట్టుకుపోతుంది. పగడం తనను తాను శుభ్రం చేసుకునే తీరే అది.

నాచు మళ్లీ రాకుండా ఉండాలంటే వారానికి పదో వంతు నీరు మార్చాలి, ఫ్రీజరులో గడ్డకట్టించిన మేతను కడిగి వేయాలి, దీపం ఎనిమిది గంటలకు మించి వెలగకూడదు. నైట్రేటు లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే చాలు. ఐరన్ ఆక్సైడు గుళికలు కుమ్మరించి ఫాస్ఫేటును ఒక్కసారిగా సున్నాకు దింపితే పగడాలు డస్సిపోతాయి, నాచు కన్నా మొండిదైన డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవుల జిగురు ట్యాంకంతా అల్లుకునే ప్రమాదమూ ఉంది.

ఆక్వా మందులు అమ్మేవారికి నా విన్నపం ఒక్కటే. నాచు మందు అడిగినవారిని అది చెరువుకా, పగడాల ట్యాంకుకా అని అడగండి. తయారుచేసేవారు డబ్బా మీద రాగి ఉన్న సంగతిని తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగినంత పెద్ద అక్షరాలతో వేయాలి. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా వారి దృష్టికి తేవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అమలాపురం.