వీసా ఫారం నింపేముందు ఒకసారి ఫోన్ చెయ్ తల్లీ

తల్లీ,

ఇక్కడ కర్ణాటకలో, మన టిబెటన్ల బైలకుప్పెలో వానలు తగ్గాయి, మొక్కజొన్న కోసేశారు, నా మోకాలు మాత్రం అలాగే ఉంది. నీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చి 20 రోజులైంది. వేళకి తింటున్నావా అసలు? టొరంటోలో చలి మొదలై ఉంటుంది, మీ అమ్మ అల్లిన స్వెటర్ బయటికి తియ్యి.

నువ్వు టిబెట్‌కి, మన లాసాకి వెళ్ళడానికి చైనా వీసాకి అప్లై చేశావట, మీ అక్క చెప్పింది. నేనేం కోప్పడట్లేదు. కానీ ఏం చూస్తావమ్మా అక్కడ? జుట్టు రెండు ముడులుగా ఎత్తి కట్టి, ఎడమ చెవికి నీలిరాళ్ళ పొడుగు లోలాకు పెట్టుకుని పొద్దున్నే టిబెట్ సర్కారు ఆఫీసుకెళ్ళే మాలాంటోళ్ళు లేరు, ఆ ఆఫీసులూ లేవు. అంతా బంగారమని నేననను, మన పొలాల్లో చేసినోళ్ళు చాలా కష్టపడ్డారు, అది మేమే సరిచేసుకోవాల్సింది, ఆ టైమ్ మాకివ్వలేదు. 1950 అక్టోబర్‌లో తూర్పు టిబెట్‌లో చామ్దో చైనా సైన్యం చేతిలో పడిపోయినప్పుడు నాకు 10 ఏళ్ళు. 1959 మార్చి 10న దలైలామాని కాపాడుకోవాలని జనం ఆయన వేసవి భవనం నార్బులింకా చుట్టూ చేరారు, 20న చైనా సైన్యం ఫిరంగులు పేల్చింది. తర్వాత నన్ను పట్టుకెళ్ళారు.

జైల్లో ముందు నా జుట్టు కత్తిరించారు, తర్వాత కాగితాలిచ్చి 8 ఏళ్ళ వయసు నుంచి నీ కథంతా రాయి, కలిసినోళ్ళందరి పేర్లూ రాయి అన్నారు, రాస్తే మళ్ళీ రాయమన్నారు, రెండిట్లో తేడా కనిపిస్తే దాని మీద రాత్రంతా ప్రశ్నలు. మా గదిలో దలైలామా ప్యాలెస్ పొటాలాలో పనిచేసిన ముసలి సన్యాసి ఉద్యోగి ఒకాయన ఉండేవాడు, తన సాంపాలోంచి, అంటే వేయించిన బార్లీ పిండిలోంచి, చిటికెడు నా గిన్నెలో వేసి, చెవిలో అన్నాడు, బాబూ, పోయినోళ్ళ పేర్లే రాయి, వాళ్ళనింక ఎవడూ పట్టుకెళ్ళలేడు అని. ఆ చలికాలం ఆకలికి బూట్ల తోలు నానబెట్టి నమిలాం. వసంతం దాకా ఆయన ఉండలేదు. తర్వాత రాసిన కాగితంలో మొదటి పేరు ఆయనదే పెట్టాను.

చదువుకున్నదానివి, నీకు తెలీదని కాదు. వీసా ఇంటర్వ్యూలో మీ వాళ్ళెవరు, ఎక్కడుంటారు అని తీరిగ్గా అడుగుతారు, టీ కూడా ఇస్తారు, నువ్వేమో అడిగితే కాదనలేవు, చిన్నప్పట్నుంచీ అంతే. వెళ్ళాలనే ఉంటే వెళ్ళు, రెండ్రోజులు రెస్ట్ తీసుకున్నాకే మెట్లెక్కు, ఆ గాలి నీకు అలవాటు లేదు. అక్కడున్న అత్త పిల్లల పేర్లు మాత్రం ఏ కాగితం మీదా రాయకు.

నా పేరు రాసుకో. నాకు 85 దాటాయి.

నీ పాలా (నాన్న)